చుక్క నింపాలా... వదిలేయాలా?

పెనుగొలను. పేరులోనే పెద్ద కొలను ఉంది. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో, తిరువూరు ప్రాంతంలో ఉంటుందీ ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా కృష్ణా జిల్లాలో ఉండేది. ఆ పేరు వింటే ఎవరికైనా కొలను గుర్తొస్తుంది. లెక్కల మాస్టారికి మాత్రం ముందున్న 'పెను' అన్న మాటే కంట్లో పడుతుంది. 'పెద్దది' అన్నామంటే 'దేనికన్నా?' అన్న ప్రశ్న వెంటనే వచ్చి కూర్చుంటుంది మరి. ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది, బడిపిల్లల్ని నానా తిప్పలూ పెట్టే ఓ పాఠం. దాని పేరు అసమీకరణాలు.

సమీకరణంతో ఏ గొడవా లేదు. ఒక సంఖ్యకు 3 కలిపితే 10 వచ్చింది, ఆ సంఖ్య ఎంత? ఏడు. అయిపోయింది. అదే... 'ఒక సంఖ్యకు 3 కలిపితే 10 కన్నా ఎక్కువ రావాలి' అంటే? 8 సరిపోతుంది. 9, 100, లక్ష... అన్నీ సరిపోతాయి. ఏడున్నరా సరిపోతుంది. ఆఖరికి 7.0001 కూడా. జవాబులు కోకొల్లలు. అన్నిటినీ రాస్తూ కూర్చుంటే ఎన్ని తెల్లకాగితాలూ చాలవు. అందుకే బొమ్మ గీస్తారు. అడ్డంగా ఒక గీత. దాని మీద సమాన దూరాల్లో అంకెలు. అదే సంఖ్యారేఖ. ఏడు దగ్గర ఒక చుక్క పెట్టి, అక్కణ్నుంచి కుడివైపు మందంగా బాణం గీస్తే లెక్కలేనన్ని జవాబులూ ఆ ఒక్క గీతలో ఒదిగిపోతాయి.

పాఠమంతా ఇంతే. కానీ మార్కులు పోయేదీ ఇక్కడే, రెండు చోట్ల. ఆ చుక్కను లోపల నింపాలా, సున్నలా ఖాళీగా వదిలేయాలా అన్నది ఒకటి. 'ఎక్కువ' గుర్తు ఉన్నట్టుండి 'తక్కువ'గా ఎప్పుడు తిరగబడుతుందన్నది రెండోది. ఈ రెండూ బట్టీపడితే పరీక్ష దాకా కూడా గుర్తుండవు. ఎందుకో తెలిస్తే మర్చిపోవడం కష్టం.

తూముకీ అలుగుకీ మధ్య

చెరువు కింద సేద్యం చేసిన ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ పాఠం కొత్తేం కాదు. ఏ చెరువుకైనా రెండు హద్దులుంటాయి. కింద తూము, పైన అలుగు. నీటిమట్టం తూము అడుగు కన్నా పైన ఉంటేనే కాలువలోకి నీళ్లొస్తాయి. సరిగ్గా తూము అడుగుకి వచ్చి ఆగిందంటే చెరువులో నీళ్లున్నా పొలానికి చుక్క రాదు. అంటే ఆ హద్దు మీద నిలబడితే పనికిరాదు, దాటి తీరాలి. సంఖ్యారేఖ మీద అక్కడ ఖాళీ చుక్క పెట్టాలి. అలుగు సంగతి వేరు. నీళ్లు అలుగు మట్టం దాకా వస్తే చెరువు నిండినట్టు. ఊరంతా సంతోషించే రోజది. ఆ మట్టం లెక్కలోకి వస్తుంది. దాన్ని మించిన నీళ్లే నిలవకుండా పొర్లిపోతాయి. అక్కడ నిండు చుక్క పెట్టాలి.

తూము అడుగును సున్నా అనుకుని, అలుగు దాని కన్నా 60 అంగుళాల ఎత్తున ఉందనుకుంటే ఆ చెరువు కథంతా ఒక్క వరసలో రాసెయ్యొచ్చు:

0 < నీ ≤ 60

'నీ' అంటే నీటిమట్టం. బడి పుస్తకాల్లో ఇక్కడ 'ఎక్స్' ఉంటుంది. దాన్ని చూసే సగంమంది పిల్లలు బెదిరిపోతారు. తెలియని రాశికి మన అక్షరం వాడటం తప్పేం కాదు. 1150లో బీజగణితం రాసిన భాస్కరాచార్యుడు తెలియని దాన్ని 'యావత్తావత్తు' అన్నాడు. 'ఎంతైతే అంత' అని. క్లుప్తంగా 'యా' అని రాసేవారు.

ఇప్పుడు రెండో చిక్కు. చెరువు అలుగు దాకా నిండింది. తర్వాత వానలు మొహం చాటేశాయి. రోజుకు 2 అంగుళాల చొప్పున నీరు తగ్గుతోంది. కనీసం 24 అంగుళాలుంటేనే చివరి చేలదాకా నీరెక్కుతుందనుకుందాం. (ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు. ఏ చెరువు అంకెలు దానికుంటాయి.) అలా ఎన్నాళ్లు గడుస్తుంది? రోజుల సంఖ్యను 'రో' అంటే...

60 − 2రో ≥ 24

రెండువైపులా 60 తీసేస్తే −2రో ≥ −36. ఇక −2తో భాగించాలి. పిల్లలు ఇక్కడ గబగబా 'రో ≥ 18' అని రాసి పేజీ తిప్పేస్తారు. ఆ జవాబును ఒక్కసారి పైకి చదివితే నవ్వొస్తుంది. 'పద్దెనిమిది రోజులు గడిచాకే నీళ్లు సరిపోతాయి' అని దానర్థం! రోజూ తగ్గిపోయే చెరువు అలా ఎలా అవుతుంది? ఇరవయ్యో రోజు వేసి చూడండి. 60లో 40 పోతే మిగిలేది 20. చాలదు. పదో రోజుకి 40 అంగుళాలుంటాయి. హాయిగా సరిపోతాయి. కాబట్టి అసలు జవాబు రో ≤ 18. నీళ్లు 'కనీసం' ఇంత ఉండాలంటే రోజులు 'మహా అయితే' ఇన్ని. నీళ్లూ రోజులూ ఎదురెదురుగా నడుస్తున్నప్పుడు 'కనీసం' అన్నది 'మహా అయితే'గా మారక తప్పదు. గుర్తు తిరగబడటమంటే ఇదే.

ఋణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిప్పాలని టీచర్లు చెబుతారు. ఎందుకంటే జవాబు మన భాషలోనే ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన గ్రంథంలో సున్నా కన్నా పైవాటికి 'ధనం' అనీ, కిందివాటికి 'ఋణం' అనీ పేర్లు పెట్టాడు. తెలుగు పుస్తకాల్లో ఇప్పటికీ అవే మాటలు. చేతిలో 3 వేలున్నవాడి కన్నా 5 వేలున్నవాడు మేలు. అదే 3 వేలు అప్పున్నవాడూ, 5 వేలు అప్పున్నవాడూ పక్కపక్కన నిలబడితే? మూడు వేల అప్పువాడే నయం. ధనాన్ని అప్పుగా మార్చగానే ఇద్దరి స్థానాలూ తారుమారయ్యాయి. 3 < 5 అయితే −3 > −5. సున్నా దగ్గర అద్దం పెట్టి సంఖ్యారేఖను అందులో చూసినట్టన్నమాట. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది.

అయినా భయంగా ఉంటే ఓ చిట్కా. ఋణ గుర్తుతో పెట్టుకోకుండా 2రోను అటువైపు పంపెయ్యండి. 24ను ఇటు తెచ్చుకోండి. 36 ≥ 2రో అవుతుంది. సగం చేస్తే 18 ≥ రో. గుర్తు తిప్పే పనే లేదు. కుడి నుంచి చదువుకుంటే సరి. ఇక బొమ్మ: సున్నా దగ్గర ఒక నిండు చుక్క, 18 దగ్గర ఒక నిండు చుక్క, మధ్యలో మందమైన గీత. సున్నాకి ఎడమవైపు పోకూడదు. రోజులు వెనక్కి నడవవు కదా!

అన్నిసార్లూ గీత గీయకూడదు కూడా. పెనుగొలను నుంచి తిరువూరు వెళ్లి నోటుపుస్తకాలు కొనుక్కోవాలనుకున్న అమ్మాయి చేతిలో 200 రూపాయలున్నాయి. రానూపోనూ బస్సుకి 40, పుస్తకం 35 అనుకుంటే 35పు + 40 ≤ 200. లెక్క తేలిస్తే పు అన్నది 4.57 కన్నా ఎక్కువ కాకూడదని వస్తుంది. నాలుగున్నర పుస్తకాలు ఏ షాపులోనూ ఇవ్వరు. కాబట్టి 0, 1, 2, 3, 4 మీద విడివిడిగా ఐదు చుక్కలు పెట్టి ఊరుకోవాలి, ముగ్గు చుక్కల్లాగా. ఆ డబ్బుతోనే పుస్తకాల బదులు బియ్యమో, నూనో కొంటే మాత్రం గీత వస్తుంది. తూచి ఇచ్చేదానికి గీత, లెక్కపెట్టి ఇచ్చేదానికి చుక్కలు.

ఇంతకీ ఈ గుర్తులు ఎక్కడివంటే... 'సమానం' గుర్తు 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ పండితుడి పుస్తకంలో మొదటిసారి అచ్చయింది. పెద్దదాని వైపు నోరు తెరిచే < , > గుర్తులు రావడానికి మరో 74 ఏళ్లు పట్టింది. ఇంగ్లండుకు చెందిన థామస్ హారియట్ 1621లో పోయాడు. ఆయన పుస్తకం 1631లో అచ్చయినప్పుడు ఈ గుర్తులు వెలుగు చూశాయి. వాటి కింద అదనపు గీత చేర్చి 'సమానమైనా ఫర్వాలేదు' అనే అర్థం ఇచ్చింది ఫ్రాన్సుకు చెందిన పియరీ బుగేర్, 1734లో. చుక్కను నింపేది ఆ చిన్న గీతే. అది రావడానికి అంతకాలం పట్టిందంటే పదో తరగతి పిల్లలు తడబడటంలో వింతేముంది?

'లోపు' అంటే లోపలేనా?

గుర్తుల కన్నా మాటలతో వచ్చే తంటా ఎక్కువ. తెలుగులో 'లోపు' అన్న మాట ఉంది చూడండి. 'ఐదేళ్లలోపు పిల్లలకు రైల్లో టికెట్టు అక్కర్లేదు' అంటారు. ఐదు నిండిందా, ఆ సౌకర్యం పోయినట్టే. అక్కడ ఖాళీ చుక్క. 'నెలాఖరులోపు బిల్లు కట్టాలి' అంటారు. ఇక్కడ నెలాఖరు రోజు కూడా లెక్కలోకి వస్తుంది. అందరూ కౌంటరు ముందు వరస కట్టేది ఆ రోజే కదా! అక్కడ నిండు చుక్క. ఒకటే మాట, రెండు చుక్కలు. ఇళ్లలో, ఆఫీసుల్లో జరిగే సగం వాదనలు ఈ చుక్క గురించేనంటే అతిశయోక్తి కాదు.

అందుకే నిబంధనలు రాసేవాళ్లు 'నిండిన', 'నిండని', 'మించకుండా', 'తక్కువ కాకుండా' అని పట్టిపట్టి రాస్తారు. ఐదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకి రైల్లో బెర్తు అడగకపోతే సగం చార్జీ. (2016 ఏప్రిల్ నుంచి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి.) వయసును 'వ' అంటే 5 ≤ వ < 12. ఒకే గీత... ఎడమ చివర నిండు చుక్క, కుడి చివర ఖాళీ చుక్క. రెండు చివరలూ మూసి ఉంటే సంవృతాంతరం, తెరిచి ఉంటే వివృతాంతరం అని పెద్ద తరగతుల తెలుగు పుస్తకాల్లో ఉంటుంది. పేర్లు బెదరగొట్టినా లోపల ఉన్నది ఇంతే. ఒక తలుపు మూసి, ఒకటి తీసి ఉన్న ఇల్లన్నమాట ఈ రైలు టికెట్టు.

రాజ్యాంగం 326వ అధికరణంలో ఓటు వయసు గురించి రాసిన తీరు ఇంకా చక్కగా ఉంటుంది. '18 కన్నా ఎక్కువ' అని ఉండదు. 18 ఏళ్లకు తక్కువ కాని వాళ్లని ఉంటుంది. 'తక్కువ కాదు' అంటే ఏమిటి? ఎక్కువైనా కావచ్చు, సమానమైనా కావచ్చు. అంటే వ ≥ 18. పద్దెనిమిది దగ్గర నిండు చుక్క. ఒకప్పుడు ఈ చుక్క 21 దగ్గర ఉండేది. 61వ సవరణతో 1989లో మూడు గడులు ఎడమవైపు జరిగింది. సంఖ్యారేఖ మీద చూస్తే చిన్న కదలికే. ఆ మూడు గడుల్లో ఉన్న కోట్ల మంది యువతకి మాత్రం ఓటు వచ్చింది. పద్దెనిమిది ఏ రోజుకి నిండాలన్న దాని మీదా పట్టింపుంది. మొదట జనవరి 1 ఒక్కటే. 2022 ఆగస్టు నుంచి ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా చేరాయి. జనవరి 2న పుట్టిన పిల్లలు ఏడాదంతా ఎదురుచూడాల్సిన పని తప్పింది.

పదిహేడు దగ్గర ధాన్యం

ఇక రైతుకి నేరుగా తగిలే చుక్క ఒకటుంది. మద్దతు ధరకు ధాన్యం కొనాలంటే అందులో తేమ 17 శాతానికి మించకూడదన్నది సాధారణ నిబంధన. తే ≤ 17. చుక్క నిండినదే. సరిగ్గా 17 ఉంటే తీసుకోవాల్సిందే. మీటరు 17.2 చూపిస్తే? మళ్లీ పట్టాలు పరవాలి, ఆరబోయాలి, మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తుకెళ్లి కప్పాలి. మరో రెండు రోజుల కూలి.

బొమ్మలో చుక్క కదలకుండా ఉంటుంది. రాశిలో తేమ అలా ఉండదు. పైన ఎండిన గింజ, అడుగున మెత్తటి గింజ. ఒక గుప్పెడు తీసి చూస్తే 16.4, ఇంకో గుప్పెడు తీస్తే 17.5. అసలు తేమ ఎంతో ఎవరికీ నేరుగా కనపడదు. నాలుగైదు చోట్ల గుప్పిళ్లు తీసి సగటు కట్టడం ఒక్కటే దారి. మరి ఆ సగటును ఎంతవరకు నమ్మొచ్చు? ఇంకేదైనా తెలివైన సూత్రం వేస్తే, అవే గుప్పిళ్లతో ఇంకా కచ్చితంగా తేల్చొచ్చా?

ఈ ప్రశ్నకు జవాబు కూడా ఒక అసమానతే. దాన్ని కనిపెట్టింది తెలుగువాడు, పైగా ఈ చుట్టుపక్కల ఊళ్లలో చదువుకున్నవాడు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్.రావు. 1920 సెప్టెంబరు 10న, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హూవినహడగలిలో పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రిది పోలీసు ఉద్యోగం. బదిలీలతో పాటు బడులూ మారాయి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం... ఇలా సాగింది చదువు. నూజివీడూ నందిగామా రెండూ తిరువూరులాగే పాత కృష్ణా జిల్లావే. తెల్లవారుజామున నాలుగింటికే లేపి, దీపం వెలిగించి చదువుకోమని కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మను ఆయన చివరిదాకా తలుచుకునేవారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం పూర్తిచేసి కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో చేరారు.

అక్కడ యూనివర్సిటీలో పాఠం చెబుతూ, నమూనాలు బోలెడన్ని ఉన్నప్పుడు వర్తించే ఒక ఫలితాన్ని ప్రస్తావించారట. క్లాసులో ఉన్న వి.ఎం.దండేకర్ లేచి, 'కొన్ని నమూనాలే ఉన్నప్పుడు కూడా ఇది నిజమేనా?' అని అడిగారు. తర్వాతి కాలంలో పేరుపొందిన ఆర్థికవేత్త ఆయన. రావు ఆ రాత్రే కూర్చుని సాధించి మర్నాడు క్లాసులో చూపించారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ క్రామర్ కూడా విడిగా అదే ఫలితానికి చేరుకోవడంతో దానికి 'క్రామర్-రావు అసమానత' అని పేరొచ్చింది.

అది చెప్పేది మామూలు మాటల్లో ఇదీ: ఒక పక్కకి మొగ్గకుండా అంచనా వేసే పద్ధతి ఏదైనా సరే, అందులోని తడబాటు ఒక హద్దు కన్నా తగ్గదు. ఆ హద్దు ఎక్కడుంటుందో ముందే లెక్కకట్టొచ్చు. మన గుప్పిళ్ల లెక్కే తీసుకోండి. ఒక్కో గుప్పెడు అసలు తేమకి అటూఇటుగా 1 శాతం తడబడుతుందనీ, ఆ తడబాటు గణాంకాల వాళ్లు సాధారణం అనే గంట ఆకారపు తీరులో ఉందనీ అనుకుంటే, అంచనాలోని తడబాటు 1/√గు కన్నా తగ్గదు. 'గు' అంటే గుప్పిళ్ల సంఖ్య. నాలుగు గుప్పిళ్లు తీస్తే అర శాతం. అంతకన్నా మెరుగు చేయడం ఎంత గొప్ప సూత్రం వేసినా కుదరదు.

ఆ తడబాటు పావు శాతానికి మించకూడదంటే ఎన్ని గుప్పిళ్లు కావాలి?

1/√గు ≤ 0.25

ఇక్కడ మళ్లీ ఆ తిరగబడే గుర్తు ఎదురవుతుంది. భిన్నాన్ని తిరగేస్తే √గు ≥ 4. పదిమందికి పంచితే వచ్చే వాటా కన్నా నలుగురికి పంచితే వచ్చే వాటా పెద్దది కదా! వాటా పెరగాలంటే మనుషులు తగ్గాలి. వాటా తగ్గాలంటే మనుషులు పెరగాలి. అలాగే తడబాటు తగ్గాలంటే గుప్పిళ్లు పెరగాలి. గు ≥ 16. గుప్పిళ్లను లెక్కపెడతాం కాబట్టి గీత కాదు, 16 నుంచి కుడివైపుకి విడివిడి చుక్కలు. నాలుగింతలు కష్టపడితే తడబాటు సగమే తగ్గింది. పదోవంతు శాతానికి దించాలంటే ఏకంగా వంద గుప్పిళ్లు కావాలి. 16.8కీ 17.2కీ మధ్య తేడా 0.4 మాత్రమే. రైతుకి రెండు రోజుల కూలి పెట్టించే ఆ తేడాను ఒకటి రెండు గుప్పిళ్లతో తేల్చడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సి.ఆర్.రావుకు 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. అమెరికాలో స్థిరపడ్డాక అక్కడి నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ అందుకున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వరించింది. ప్రకటనలో మొదట చెప్పుకున్నది 1945 నాటి ఆ వ్యాసం గురించే. అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు.

ఆయన పేరున్న ఆ అసమానతలో కూడా గుర్తు కింద చిన్న గీత ఉంది. చుక్క నిండినదే. అంటే ఆ హద్దును దాటి కిందకి పోలేం గానీ, హద్దు దాకా చేరొచ్చు. పైన అనుకున్న గుప్పిళ్ల లెక్కలో అక్కడిదాకా చేరేది ఏ గొప్ప సూత్రమో కాదు... బడిలో నేర్పే మామూలు సగటే.